ఆర్పిన కర్పూరం

శ్యామలాంబకి అక్షరం ముక్క రాదు. అయినా ఆ నాలుగు కాగితాల్లో తన కొడుకు మెడకి తాడు బిగించేది ఏదో ఆవిడకి తెలిసిపోయింది. మూడోది. లాయరు ఉషారాణి గారు పైకి చదువుతూ చదువుతూ ఆ కాగితం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించారు. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆగారేంటండీ? చదవండి."

"ముందు కాసిని మంచినీళ్ళు తాగండి మామ్మగారూ."

"తాగే వచ్చానండి. మీరు చదవండి."

రాజమండ్రిలో కోర్టుకి దగ్గర్లో, మేడమీద గది అది. గవర్నరు గారికి పెట్టుకున్న క్షమాభిక్ష అర్జీ కుదరదని తిరిగొచ్చి అప్పటికి మూడు రోజులు. ఇక ఢిల్లీలో రాష్ట్రపతి గారికి పెట్టుకోవాలి. గడువు ఏడు రోజులన్నారు, అందులో మూడు అప్పుడే పోయాయి. ఆ పైన అడగడానికి ఇంకెవరూ లేరు. ఆ అర్జీతో పాటు పంపడానికి జైల్లోంచి గణేష్‌బాబు తన చేత్తో రాసిన ఉత్తరమే ఆ నాలుగు కాగితాలూ. ఊళ్ళో ఉన్నప్పుడు సంతకం పెట్టమంటే కోడి గెలికినట్టు గెలికేవాడు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాక, ఉరిశిక్ష నెత్తిమీద పెట్టుకుని, లోపల కూర్చుని రాయడం నేర్చుకున్నాడు. ఆ గుండ్రటి అక్షరాలని శ్యామలాంబ అంతకు ముందే రెండుసార్లు కళ్ళకద్దుకుంది.

ఉషారాణి గారు చదివారు.

"ఆ రోజు మధ్యాహ్నం షెడ్డు గుమ్మం ముందు చిన్న చెప్పులు ఉన్నాయి. గులాబీ రంగువి. నేను చూశాను. లోపల చంద్రరావు గురక కూడా వినపడింది. చెప్పుల్ని కాలితో పక్కకి నెట్టి గొళ్ళెం నేనే వేశాను. గొళ్ళెం ముందే వేసి ఉందని, లోపల ఎవరూ లేరనుకున్నానని ఇన్నేళ్ళూ చెప్పాను. అది అబద్ధం. మా అమ్మకి కూడా అదే చెప్పాను."

పైన ఫ్యాను కిర్రుమంటోంది. కింద రోడ్డు మీద ఆటోవాడెవడో కోటిపల్లి బస్టాండ్, కోటిపల్లి బస్టాండ్ అని గొంతు చించుకుంటున్నాడు. శ్యామలాంబ తన కుడి అరచేయి తిప్పి చూసుకుంది. దాని మధ్యలో రూపాయి బిళ్ళంత నున్నటి మచ్చ ఉంది.

ఆ మచ్చ సంగతి చెప్పాలంటే ముందు చెరువుగట్టు సంగతి చెప్పాలి.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. వాళ్ళ ఊరు పాలకొల్లుకి దగ్గరే, ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. గణేష్‌బాబు ఒక చెరువు మీద ఇంజను చూసుకునే పనికి ఉండేవాడు. ఇంజను డీజిలు దొంగతనంగా అమ్ముకుంటున్నాడని అక్కడ కాపలా ఉండే చంద్రరావు చెరువు ఆసామికి చెప్పాడు. పని పోయింది. పదిమందిలో చెంపదెబ్బ కూడా పడింది. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుంటే, పూటుగా తాగి వెళ్ళి గట్టు మీది తాటాకు షెడ్డు మీద అదే డీజిలు పోసి అంటించాడు. లోపల అన్నం తిని పడుకున్న చంద్రరావూ, ఐదేళ్ళ కూతురు దుర్గాశ్రీ, ఇంకా పాకుతున్న చంటివాడూ పోయారు. చంద్రరావు పెళ్ళాం వెంకటదుర్గ ఆ పూట వాళ్ళమ్మకి కళ్ళు చూపించడానికి పాలకొల్లు వెళ్ళింది కాబట్టి మిగిలింది. మిగిలింది అనడం మాటవరసకే.

"లోపల ఎవరూ లేరనుకున్నానమ్మా. బయట గొళ్ళెం వేసుంది. నీ మీద ఒట్టు" అన్నాడు గణేష్‌బాబు, పోలీసులు జీపెక్కిస్తుంటే. శ్యామలాంబ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? వాడికి ఆరేళ్ళప్పుడు పక్కింటివాళ్ళ కోడిపెట్ట కాలు విరిచాడని గొడవొస్తే, మావాడు కాదు అని వాడి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. పదో ఏట బడిలో గడియారం పోతే మళ్ళీ ఒట్టేసింది. మొగుడు పోయిన ఇల్లు, ఒక్కగానొక్క కొడుకు. వాడు ఒట్టు పెట్టకుండా మూడు మాటలు మాట్లాడేవాడు కాడు, వాడి తరఫున ఆవిడ ఒట్టేయని ఏడాదీ లేదు.

ఆ ఏడు కార్తీకమాసంలో పాలకొల్లు గుళ్ళో వెంకటదుర్గ ఎదురైంది. బొట్టు లేని మొహం, ఎముకల గూడులా ఉంది. శ్యామలాంబకి ఏమైందో ఏమో, ధ్వజస్తంభం దగ్గర పళ్ళెంలో మండుతున్న కర్పూరం ముందుకి వెళ్ళి నిలబడి, అందరూ వింటుండగా అంది: "గొళ్ళెం ముందే వేసుంది. నా కొడుకు లోపల మనుషులున్నారని తెలిసి చేసుంటే, వాడు నాకు దక్కకూడదు." అని ఆ మంట మీద అరచేయి వేసి ఆర్పేసింది. చర్మం కాలిన వాసన వచ్చింది. ఆ ప్రాంతంలో కర్పూరం ఆర్పి చెప్పిన మాటంటే కోర్టు మాటకన్నా పెద్దది. వెంకటదుర్గ కొంగు నోట్లో కుక్కుకుని పరిగెత్తినట్టే వెళ్ళిపోయింది.

కోర్టులు నమ్మలేదు. ఒకటి కాదు, మూడు. గొళ్ళెం వాడే వేశాడన్నారు, ఉరి అన్నారు. శ్యామలాంబ మాత్రం ఏళ్ళ తరబడి ప్రతి సోమవారం ఆ గుడి దగ్గర వెంకటదుర్గ కోసం కాపు కాసింది. ఆ అమ్మాయి మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది. కిందటి నెల ఆగింది. "మీరు కర్పూరం ఆర్పారు. తెలీక చేశాడన్న మాట మీద సంతకం పెడతాను. కాగితం తెండి" అంది. చచ్చిపోయినవాళ్ళ మనిషే శిక్ష తగ్గించమని రాసిస్తే ఢిల్లీలో దానికి విలువ ఉంటుందని ఉషారాణి గారు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. ఇప్పుడు చూస్తే ఈ మూడో పేజీ!

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఆ కాగితం ఒక్కటీ తీసేయండి" అంది శ్యామలాంబ.

"నేను చెప్పి చూశానండి. అది లేకపోతే అర్జీ మీద సంతకమే పెట్టనంటున్నాడు." ఉషారాణి గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఒక మాట చెప్పనా? గొళ్ళెం అతనే వేశాడని కోర్టులు ఎప్పుడో తేల్చేశాయి. ఇందులో వాళ్ళకి కొత్త ఏమీ లేదు. మనిషి మారాడని చూపించడానికి నా దగ్గర ఉన్నది ఆ పేజీ ఒక్కటే."

"మరి ఆ అమ్మాయి సంతకం?"

ఉషారాణి గారు మూడో పేజీని మిగతా వాటి మధ్యలో పెట్టి అంచులు సర్దారు.

ఆ మధ్యాహ్నమే జైల్లో కొడుకుని చూసింది. ఇనుప జాలీకి అవతల గణేష్‌బాబు. జుట్టు పల్చబడింది, ముప్ఫై నాలుగేళ్ళకే చెవుల దగ్గర నెరిసింది. జాలీలోంచి చూస్తే మొహం ముక్కలు ముక్కలుగా కనపడుతుంది. ఒక ముక్కలో కన్ను, ఒక ముక్కలో మూతి.

"తిన్నావా అమ్మా?"

"తిండి సంగతి తగలెయ్యి! ఎందుకు రాశావురా అది? ఎవడడిగాడు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"సంతకం పెడతానందిరా ఆ పిల్ల! కాళ్ళరిగేలా తిరిగి తిరిగి ఒప్పించాను. రేపు పెట్టాల్సిన సంతకంరా, నీ నోటితో నువ్వే..."

"తెలీక చేశాడని రాసి పెట్టించుకుంటారటగా. అలా పెట్టించుకుంటే ఆ గొళ్ళెం రెండోసారి వేసినట్టేనమ్మా."

"ఉరి తీస్తార్రా నిన్ను, వెర్రివెధవా!"

వాడు తల దించుకున్నాడు. అప్పుడు శ్యామలాంబ ఇన్నేళ్ళూ వాడికి చెప్పని మాట చెప్పింది. గుళ్ళో తను ఆర్పిన కర్పూరం సంగతి వాడికి తెలుసు, అప్పుడన్న మాట తెలియదు. "వాడు నాకు దక్కకూడదు అన్నానురా. తెలిసి చేసుంటే దక్కకూడదన్నాను. దేవుడి ఎదుట నీ ప్రాణం నేనే పణంగా పెట్టేశాను. ఇప్పుడు నువ్వు తెలిసే చేశానంటే, నిన్ను వాళ్ళు కాదురా చంపేది, నేను!"

పక్క జాలీ దగ్గర ఎవరిదో పసిపిల్ల నాన్నా నాన్నా అని వేళ్ళు దూర్చి ఆడుకుంటోంది. గణేష్‌బాబు ఆ వేళ్ళకేసి చూసి చటుక్కున కళ్ళు తిప్పుకున్నాడు.

"నేను చెప్పిన అబద్ధానికి నువ్వు చెయ్యి కాల్చుకున్నావు" అన్నాడు చివరికి. "నీ తప్పేం లేదు. కానీ ఒక పని చెయ్యమ్మా. ఆవిడకి ఇది ఏ పేపర్లోనో చూస్తే తెలియకూడదు. నువ్వు వెళ్ళి చెప్పు. సంతకం అడక్కు. చెప్పి వచ్చెయ్."

శ్యామలాంబ ఇంకా ఏదో తిట్టబోయి ఆగిపోయింది. ఇంతసేపు మాట్లాడాడు కదా, ఒక్క ఒట్టు పెట్టలేదు. నీ మీద ఒట్టు, దేవుడి మీద ఒట్టు, ఏదీ లేదు. చిన్నప్పుడు అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళలోకి సూటిగా చూసి నవ్వేవాడు. ఇప్పుడు కళ్ళెత్తలేక నేలకేసి చూస్తూ, ఒట్టు లేకుండా, మామూలుగా చెప్పాడు. వీడెవడు అనుకుంది. నా కొడుకేనా అనుకుంది. ఇలాంటి కొడుకు దొరికేసరికి గడువు నాలుగు రోజులు మిగిలింది అనుకుని, జాలీకి నుదురు ఆనించి ఏడ్చింది.

తిరుగు బస్సులో పక్కన మెర్సీ ఉంది. రొయ్యల షెడ్డులో ఎదురెదురుగా కూర్చుని ఐసుగడ్డల మధ్య రొయ్య తలలు తీస్తూ ఇరవై ఏళ్ళు గడిపిన మనుషులు వాళ్ళిద్దరూ. ఆ ఐసుకి ఇద్దరి వేళ్ళూ ఎంత అరిగిపోయాయంటే ఆధార్ మిషను మీద ముద్ర పడదు. జైలు గేటు దగ్గర, వేలిముద్ర పడట్లేదేంటమ్మా అని అడిగితే, మేం దొంగతనం చేసినా దొరకం బాబూ అని మెర్సీయే నవ్వించింది అక్కడి మనిషిని.

జొన్నాడ వంతెన దాటేదాకా మెర్సీ అంతా విన్నది. విని, కిటికీలోంచి గోదావరికేసి కాసేపు చూసి చెప్పింది.

"నోరు మూసుకుని సంతకం పెట్టించుకో శ్యామలా."

"వాడు వద్దన్నాడే."

"వాడి మొహం. బతికాక తిట్టుకోమను. ఆ పిల్లకి చదవడం వచ్చు గానీ, నువ్విచ్చిన కాగితం తప్ప ఇంకో కాగితం చూస్తుందా ఏంటి? సంతకం అయ్యాక దేవుడితో తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆయన ఎక్కడికీ పోడు."

"మీ దేవుడా, మా దేవుడా?"

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు."

శ్యామలాంబకి నవ్వు రాబోయి ఏడుపైంది. మెర్సీ ఆవిడ తల తన భుజం మీదకి లాక్కుంది. బస్సు సిద్ధాంతం ఊరు దాటేసరికి శ్యామలాంబ ఒక నిర్ణయానికి వచ్చింది. చెప్పను. సంతకం పెట్టించుకుంటాను. నా చేత్తో పెట్టిన ప్రాణం నా చేత్తోనే వెనక్కి తెచ్చుకుంటాను. పాపమంటావా, అది నా నెత్తినే ఉండనీ.

మర్నాడు ఉదయం పాలకొల్లులో వెంకటదుర్గ ఇంటికి వెళ్ళింది. ఒకే గది, వీధి వైపు చిన్న అరుగు. ఆ అరుగు మీద మిషను పెట్టుకుని చీరలకి ఫాల్స్ కుడుతుంది ఆ అమ్మాయి. ముప్ఫై ఐదు కూడా ఉండవు, యాభై ఏళ్ళ మనిషిలా ఉంటుంది. శ్యామలాంబని చూసి మిషను ఆపింది. పూర్వం అత్తయ్యగారూ అని పిలిచేది. ఇప్పుడు ఏ పిలుపూ లేదు.

"తెచ్చారా?"

శ్యామలాంబ సంచిలోంచి కాగితం తీసింది. అదే సంచిలో కింద, మూడో పేజీ జిరాక్స్ కూడా ఉంది. ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలియదు. వెంకటదుర్గ కాగితాన్ని మిషను బల్ల మీద పరిచి, దారపు కండె బరువు పెట్టి, పెన్ను మూత తీసింది.

సంతకం పెట్టబోయి ఆ అమ్మాయి ఆగింది. తలెత్తకుండానే మాట్లాడింది.

"ఎందుకు పెడుతున్నానో మీకు తెలియదు. ఎవరికీ చెప్పలేదు నేను. ఆయన రాత్రంతా కాపలా కాసి పగలు మొద్దులా పడుకునేవాడు. చంటివాడు గబగబా పాకేవాడు, నాలుగడుగుల్లో చెరువు. అందుకని నేను బయటికి వెళ్ళినప్పుడల్లా బయట గొళ్ళెం వేసి వెళ్ళేదాన్ని. గట్టు మీద ఉండే ఆడాళ్ళందరం అంతే. పిల్లలు నీళ్ళలో పడతారని."

ఆ అమ్మాయి పెన్ను మూతని బల్ల మీద అటూ ఇటూ దొర్లించింది.

"ఆ రోజు వేశానో లేదో నాకు గుర్తు లేదు. బస్సుకి టైమైపోతోంది, మా అమ్మ గోల. తొమ్మిదేళ్ళ నుంచి గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నాను. వేశాననిపిస్తుంది. లేదనిపిస్తుంది. మీరు గుళ్ళో కర్పూరం ఆర్పి, మీవాడికి తెలీదు, గొళ్ళెం ముందే వేసుందన్నారు చూడండి, అప్పుడు ఖాయమైంది. నేనే వేశాను. వాళ్ళు తలుపు దగ్గరే పడి ఉన్నారట. నిప్పు మీవాడు పెట్టాడు, తలుపు నేను మూశాను. ఇంకొకళ్ళని ఉరి తియ్యమనడానికి నాకేం మొహం ఉంది?"

పెన్ను కాగితం మీద ఆనింది.

బస్సులో చేసుకున్న నిర్ణయం ఉందే, అది అక్కడే కూలిపోయింది. శ్యామలాంబ ముందుకి పడినట్టు వంగి ఆ అమ్మాయి చెయ్యి పట్టేసుకుంది. పెన్ను గీత అడ్డంగా పోయింది.

"వెయ్యలేదమ్మా! నువ్వు వెయ్యలేదు!"

"ఏంటి?"

"నువ్వు వెయ్యలేదు, వాడే వేశాడు. వాడే చెప్పాడు. ఇదిగో రాశాడు, చదువు తల్లీ, నాకు చదవడం రాదు..." సంచి తలకిందులు చేసింది. పొగాకు పొట్లం, బస్సు టిక్కెట్లు, కళ్ళజోడు పెట్టె అన్నీ అరుగు మీద పడ్డాయి. మూడో పేజీ వెతికి చేతికిచ్చింది.

వెంకటదుర్గ చదివింది. మళ్ళీ చదివింది. మూడోసారి పెదాలు కదుపుతూ ఒక్క ముక్కే చదివింది. "గొళ్ళెం నేనే వేశాను. గొళ్ళెం నేనే వేశాను." గులాబీ చెప్పులు అన్న చోట వేలు పెట్టి నిలబడిపోయింది. "అవి గట్టు కింద దొరికాయి. గుమ్మంలో ఉండాల్సినవి అక్కడికెలా పోయాయా అని..." అంతే, నేల మీద కూలబడింది. గొంతులోంచి వచ్చిన కేకకి ఎదురింటి తలుపులు తెరుచుకున్నాయి. ఏడుస్తోందో, తొమ్మిదేళ్ళ బరువు దింపుకుంటోందో చూసేవాళ్ళకి తెలియదు. రెండూనేమో.

లేచాక ఆవిడ కళ్ళు మారిపోయాయి.

"తొమ్మిదేళ్ళు" అంది. "ఒక్క ముక్క. తొమ్మిదేళ్ళు దాచుకుని కూర్చున్నాడు. రోజూ నన్ను నేను తిట్టుకుంటూ, ఒకసారి మందు కూడా తాగాను, తెలుసా మీకు? మీరూ అంతే. తెలియకుండానే కర్పూరం ఆర్పేస్తారా? కొడుకు చెబితే చాలా?"

"చాలనుకున్నానమ్మా. వాడు పుట్టినప్పటి నుంచీ అదే నా తప్పు."

టైపు చేసిన కాగితం వెంకటదుర్గ నాలుగు ముక్కలు చేసింది. అయిపోయింది, అనుకుంది శ్యామలాంబ. వంగి, పడిన సామాను ఒక్కొక్కటీ సంచిలో వేసుకుంది. సంతకం అడక్కు అన్నాడు వాడు, అడగలేదు. కానీ అరుగు దిగబోతూ ఆగలేకపోయింది.

"సంతకం వద్దు తల్లీ. ఒక్కటే. ఆ రోజు నీ ఎదుట ప్రమాణం చేశాను. వాడు నాకు దక్కకూడదన్నాను. ఆ మాట ఒక్కటీ విడిచిపెట్టెయ్. నీ ఎదుట అన్నది, నువ్వే విప్పాలి."

వెంకటదుర్గ మిషను ముందు కూర్చుని ఆ జిరాక్స్ పేజీ బల్ల మీద పెట్టి, అడుగున మిగిలిన ఖాళీలో ఏదో రాయడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలకి చాలాసేపు పట్టింది. రాసి, సంతకం పెట్టి, పైకి చదివింది. శ్యామలాంబకి చదువు రాదని గుర్తుంచుకునే చదివింది.

"ఇతను ఇది చెప్పకపోతే గొళ్ళెం సంగతి నాకు చచ్చేదాకా తెలిసేది కాదు. అడక్కుండా తనే చెప్పాడు. ఇట్లు వెంకటదుర్గ, దుర్గాశ్రీ తల్లి."

"బతికించమని..." అనబోయింది శ్యామలాంబ.

"రాయలేదు. చంపమనీ రాయలేదు. నాకు చేతనైంది ఇంతే." కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టింది. పెడుతూ ఆ అరచేతిలో మచ్చకేసి చూసింది. "ఆ రోజు మీ కొడుకు ప్రాణం పెట్టమని నేను అడగలేదు. మీరే పెట్టారు. మీరే తీసుకోండి."

అని మిషను చక్రం తిప్పింది. దారం తెగిపోయి ఉంది, అయినా తొక్కుతూనే ఉంది.

వీధి చివర మెర్సీ కనిపెట్టుకుని ఉంది. రాజమండ్రి బస్సుకి ఇంకా పావుగంట. కాగితం ఈ సాయంత్రానికి ఉషారాణి గారికి చేరాలి, రేపు ఢిల్లీకి వెళ్ళాలి. ఆ తర్వాత నెలలు పడుతుందో, ఏళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ రెండు వాక్యాలు అక్కడ ఎవరైనా చదువుతారో లేదో కూడా తెలియదు.

"పెట్టిందా?" అంది మెర్సీ.

"చెప్పేశానే."

మెర్సీ నెత్తి కొట్టుకోబోయి, ఆవిడ మొహం చూసి చెయ్యి దించేసింది.

గుడి ముందు కొట్లో శ్యామలాంబ ఒక కర్పూరం బిళ్ళ కొంది. ధ్వజస్తంభం దగ్గర, అదే చోట, పళ్ళెంలో పెట్టి వెలిగించింది. వాడిని బతికించు అని అడగాలనుంది. నోరు రాలేదు. ఒట్టుకి, మొక్కుకి, దేనికీ ఆ నోరు ఇక లేవనంది. గోపురం కిందనుంచి గాలి విసురుగా వచ్చి మంట ఒక పక్కకి వాలిపోతుంటే, ఆవిడ గభాల్న మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ దాని చుట్టూ గూడులా పట్టింది. మచ్చ ఉన్న చెయ్యి గాలి వైపు.

బయటినుంచి మెర్సీ అరుస్తోంది. "బస్సు వచ్చేస్తోంది శ్యామలా! రా!"

"ఉండవే" అంది శ్యామలాంబ, మంట మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇంకా ఆరలేదు."